తెర ముందు పంతులు: కథావస్తువుగా ఒక కొత్త శ్రమ

మొన్న జరిగిన కథల వర్క్‌షాపులో ఒక కథ మీద నేనన్న మాట కాస్త దుమారం లేపింది. కథ రాసింది ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి. కథానాయకుడు ఆన్‌లైన్ ట్యూటరు. ట్యూటరింగ్ కంపెనీ మేనేజరు అతన్ని రోజూ ఫోనులో తిడుతుంటాడు, జీతం కోస్తుంటాడు. చివరికి ట్యూటరు హెడ్‌సెట్ విసిరికొట్టి ఊళ్లోకి పోయి, వేపచెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెడతాడు. "భాష బాగుంది, కోపం నిజమైనదే, కాని కథ అబద్ధం" అన్నాను. "ఎక్కడ అబద్ధం సార్?" అని నిలదీసింది ఆ అమ్మాయి. అప్పటికప్పుడు సరైన జవాబు దొరకలేదు. "మేనేజరు ఉండడమ్మా" అని మాత్రం అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ప్రశ్న కొట్టుకుపోయింది. ఆమెకు బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

ఆ పని నాకు తెలుసు. హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను. 2020 మార్చిలో బళ్లు మూతబడ్డాయి. ఏప్రిల్లో సగం జీతం వచ్చింది, మే నుంచి అదీ లేదు. ఆగస్టులో ఒక ట్యూటరింగ్ కంపెనీలో చేరాను. బళ్లు తెరిచాక కూడా మానలేదు. 2023 ఎండాకాలం దాకా తెల్లవారుజామున తెర ముందు, తొమ్మిదింటికి నల్లబల్ల ముందు నిలబడ్డాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పదలచుకున్నది ఒక కంపెనీ దుర్మార్గాన్ని గురించి కాదు, ఒక రకమైన శ్రమ స్వభావాన్ని గురించి. విమర్శ వ్యాసంలో విమర్శకుడి సొంత గోడెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. వస్తువు తెలియకుండా శిల్పాన్ని గురించి తీర్పులిచ్చే అలవాటు మనకు ఉన్నదే. ఈసారికి వస్తువుతోనే మొదలుపెడదాం.

ముందొక సంగతి. 2020, 2021 సంవత్సరాల్లో ప్రైవేటు టీచర్ల మీద మన పత్రికల్లో కథలు కొల్లలుగా వచ్చాయి. అరటిపళ్ల బండి తోసిన సార్లు, కూరగాయలమ్మిన మేడములు, ఉపాధి హామీ పనికి పోయి గడ్డపార పట్టిన పంతుళ్లు: వీళ్ల ఫోటోలు దినపత్రికల్లో పడ్డాయి, ఆ ఫోటోల్లోంచి కథలు పుట్టాయి. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడి టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటిస్తే దాని మీదా వచ్చాయి. ఇందులో తప్పేమీ లేదు. ఆ ఆకలి నిజం. కాని అదే రోజుల్లో అంతకంటె పెద్ద మార్పు ఒకటి జరిగింది. వేల మంది టీచర్లు తమ ఇంట్లోనే కూర్చుని కంపెనీల కూలీలయ్యారు. దీని మీద నేను చదివినంతలో కథలు బహు తక్కువ. కారణం సులువు. తోపుడుబండి కంటికి కనిపిస్తుంది. బండి వెనక సారుని చూడగానే జాలి పుడుతుంది, పాత విద్యార్థి ఒకడు పళ్లు కొనడానికొస్తాడు, కథ దానంతటదే నడుస్తుంది. తెర ముందు కూర్చున్నవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంటాడు. నడుముకింద లుంగీ ఉన్న సంగతి కెమెరాకు తెలియదు. అతను చెమటోడ్చడు. వీధిలోకి రాడు. అతని శ్రమ పక్కింటివాడికే కనిపించదు, ఇక కథకుడికేం కనిపిస్తుంది?

ఇంటికొచ్చి చెప్పే పంతులు మనకు కొత్త కాదు. ఆధునిక తెలుగు సాహిత్యం తలుపు తీయగానే ఎదురయ్యేది ట్యూటరే. వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే గిరీశాన్ని మనం దగుల్బాజీగా, సంస్కరణల వేషధారిగా చూస్తాం. అతను ట్యూటరన్న సంగతి మర్చిపోతాం. అగ్రహారంలో వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమని అడిగినప్పుడు ఆ గురుశిష్యులిద్దరూ ఏం చేశారో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పద్యాల ముక్కలు, పాఠాల ముక్కలు ఒకరి మీదొకరు విసురుకుంటారు. తల్లి మురిసిపోతుంది. చదువు కొనేది తల్లిదండ్రులు, ఆ చదువు మంచిచెడ్డలు తెలియనిది కూడా వాళ్లకే. అందుకని చదువు అమ్ముడుపోవాలంటే దాన్ని ప్రదర్శించాలి. 1897లో అచ్చయిన నాటకం ఈ రహస్యాన్ని బయటపెట్టింది. నేను చేరిన కంపెనీలో ఆ ప్రదర్శనకు డెమో క్లాసని పేరు. తేడా ఒక్కటే. గిరీశం మోసం అతని సొంతం, లాభమూ అతనిదే. డెమో క్లాసులో మోసం పంతులిది, లాభం ఇంకొకరిది.

ఈ వ్యాపారం కరోనాతో పుట్టిందనుకోవడం కూడా పొరపాటు. 2005లోనే బెంగుళూరులో ట్యూటర్‌విస్టా అనే కంపెనీ మొదలై, ఇక్కడి టీచర్లచేత అమెరికా పిల్లలకు ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పించింది. తరువాత అది పియర్సన్ చేతికి, 2017లో బైజూస్ చేతికి పోయింది. అంటే కాల్‌సెంటరు ఎందుకు వచ్చిందో ఆన్‌లైన్ ట్యూటరూ అందుకే వచ్చాడు: అక్కడి గంట ఖరీదుకూ ఇక్కడి గంట ఖరీదుకూ ఉన్న తేడా. తెలుగు పంతులికి ఈ అంగడిలో చోటు ఆలస్యంగా దొరికింది. తెలుగెవడు కొంటాడు? రెండు వర్గాలు కొన్నాయి. ఒకటి, అమెరికాలో ఉన్న మనవాళ్లు. అక్కడ స్వచ్ఛందంగా తెలుగు నేర్పే సంస్థలు చాలాకాలంగా ఉన్నా, వారానికొకరోజు పిల్లల్ని కారులో దింపే తీరిక లేనివాళ్లు ఇటు వచ్చారు. రెండు, హైదరాబాదు సీబీఎస్ఈ బళ్ల పిల్లలు. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బళ్లలోనూ తెలుగు తప్పనిసరి చేసి, ఆ విద్యా సంవత్సరం నుంచే 1, 6 తరగతులతో మొదలుపెట్టారు. భాష మీద ప్రేమతో చేసిన చట్టమే. దానివల్ల తెలుగు ట్యూషన్‌కు అంగడి పెరగడం చట్టసభలో ఎవరూ ఊహించి ఉండరు.

పని ఎలా ఉంటుందో చెప్తాను. పాఠం 40 నిమిషాలు. ఒక పంతులు, ఒక పిల్ల. పాఠానికి 170 రూపాయలు. ముందు తయారుచేసుకునే కాలానికి కూలి లేదు. హోంవర్కు దిద్దినదానికి లేదు. పిల్ల రాకపోతే 15 నిమిషాలు కాచుక్కూర్చుంటే సగం. మన కరెంటు పోతే, నెట్టు తెగితే సున్నా, పైగా ఒక మచ్చ. న్యూజెర్సీలో రాత్రి 8 గంటలైతే మనకు తెల్లవారి 5:30. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పుడు మనకు 6:30. ఒక్క గంటే కదా అనిపిస్తుంది. ఆ గంటతో నా రెండో పాఠం బడి బస్సును ఢీకొనేది. నాలుగు నెలలపాటు ఇడ్లీ పొట్లం కట్టుకుని పోయి స్టాఫ్‌రూములో తిన్నాను. అమెరికా కాలం నా కడుపులో ఇట్లా ప్రవేశించింది.

డెమో క్లాసుకు కూలి లేదు. 25 నిమిషాల ఉచిత పాఠం అది. చూసినవాళ్లు చేరితే పంతులికి 250 రూపాయలు, చేరకపోతే ఏమీ లేదు. దానికొక పద్ధతి నేర్పారు. మొదటి అయిదు నిమిషాలు పిల్లవాణ్ణి నవ్వించాలి. తరువాతి పది నిమిషాల్లో అతని లోటు ఒకటి పట్టుకోవాలి. ఆ లోటు తల్లి కంటపడాలి, కాని తల్లి నొచ్చుకోకూడదు. మిగిలిన పది నిమిషాల్లో ఆ లోటు పూడ్చవచ్చునన్న ఆశ కలిగించాలి. పాఠం అయిన గంటలోపు కౌన్సిలరనే కుర్రవాడు తల్లిదండ్రులకు ఫోను చేస్తాడు. ఆ కుర్రవాడికీ ఒక నెలవారీ లెక్క ఉంది, అందకపోతే అతని ఉద్యోగం ఉండదు. లోటు లేని పిల్లవాడుంటాడా? నాలుగో తరగతి పిల్లవాడెవడైనా సంయుక్తాక్షరం దగ్గర తడబడతాడు. అది వయసు. ఉప్పల్‌లో ఒక పిల్లవాడు అట్లాగే తడబడ్డాడు. నేను "ఒత్తుల దగ్గర పునాది బలహీనంగా ఉందమ్మా" అన్నాను. వాళ్లు చేరారు. మూడు నెలల తరువాత ఆ తండ్రి తెర ముందుకొచ్చి "సార్, కిస్తీలు ఇంకా తొమ్మిదున్నయి, ఆలోపు వచ్చేస్తుంది గదా చదవడం" అని అడిగాడు. బట్టల దుకాణంలో పనిచేసే మనిషి. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఫీజు అప్పుగా ఇప్పించారని. నేను చెప్పిన రోగానికి మందు అది. ఈ వ్యాపారంలో అప్పుల సంగతి తరువాత దేశమంతా చర్చకు వచ్చింది. 2022 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ ఆ రంగంలోని పెద్ద కంపెనీ బైజూస్ అధిపతిని ఇలాంటి ఫిర్యాదుల మీదే సంజాయిషీకి పిలిచింది. నాకు ఆ వార్త చదవక్కరలేకుండానే సంగతి తెలుసు.

మా అమ్మ జగిత్యాల దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. నా ఎం.ఏ. చదువు ఆ బీడీల మీదనే నడిచింది. లాక్‌డౌన్లో మా దగ్గరే ఉండేది. పక్కగది లోంచి నా పాఠాలు వింటూ కొన్నాళ్లకు ఒక పొద్దున అడిగింది: "ఏం రా, వెయ్యికెంతిస్తరు నీకు?" వెయ్యి కాదమ్మా, పాఠానికింత అని చెప్పాను. "పోరి రాకుంటే?" సగం అన్నాను. "బాగ చెప్పలేదని తీసేసుడు గుడ ఉంటదా?" ఉంటుందని చెప్పాను. "ఆకు ఎవలది?" నాకు అర్థంకాలేదు. అంటే కంప్యూటరెవరిది, కరెంటెవరిది అని ఆమె ఉద్దేశం. నావే అన్నాను. "మాకు ఆకు, తంబాకు వాళ్లే ఇచ్చెటోళ్లు బిడ్డా" అన్నది.

మన పుస్తకాల్లో నేను వెతుక్కుంటున్న విశ్లేషణ అంతా ఆ నాలుగు ప్రశ్నల్లో ఉంది. ఇంటి దగ్గర కూర్చుని, సొంత పనిముట్లతో, ముక్కకింత చొప్పున చేసే పని పెట్టుబడిదారీ విధానానికి ముందుదశ అని మనలో చాలామంది అభిప్రాయం. నేతగాడి మగ్గం, బీడీల చాట, ఇవన్నీ ఫ్యాక్టరీ రాగానే పోవలసినవి అనుకున్నాం. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ముక్క కూలిని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశాడు. అది కాలం లెక్కన ఇచ్చే కూలికి మారురూపమేననీ, పెట్టుబడిదారీ విధానానికి బాగా సరిపోయే కూలి రూపమనీ ఆయన వాదన. అందులో మనకు పనికొచ్చే అంశం మరొకటి ఉంది. పని నాణ్యతనూ వేగాన్నీ కూలి రూపమే అదుపు చేస్తుంది కనుక మేస్త్రీ అవసరం చాలావరకు తీరిపోతుందని. ఆ సంపుటంలోనే ఉత్పాదక శ్రమ అంటే ఏమిటో చెప్పవలసివచ్చినప్పుడు ఆయన ఎంచుకున్న ఉదాహరణ బడిపంతులే. పెట్టుబడి తిండి సరుకు తయారుచేస్తోందా, చదువు తయారుచేస్తోందా అనేది ఆ సంబంధానికి పట్టదన్నాడు. మనం ఎందుకో ఆ పేజీని తిప్పేశాం. ఉపాధ్యాయుడంటే బుద్ధిజీవి, మధ్యతరగతి, ఊగిసలాట, ఇట్లా రాసుకుంటూ వచ్చాం.

ఇంకో తేడా ఉంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆమెను 1966 చట్టం కార్మికురాలిగా గుర్తించింది. మా అమ్మకు పీఎఫ్ నంబరుండేది. నా ఒప్పందంలో నేను కార్మికుణ్ణి కాను, 'స్వతంత్ర భాగస్వామి'ని. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్ అనే మాటకు నిర్వచనముంది: సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడని. ఈ 'వెలుపల' అనే మాట దగ్గర సాహిత్య విద్యార్థులు కాసేపు ఆగాలి. యజమాని లేని కూలివాడనే విచిత్రమైన పాత్ర తయారైంది. మన కథకులకు సవాలు అక్కడే ఉంది.

ఇప్పుడు మేనేజరు దగ్గరకు వస్తాను. నా మూడేళ్లలో నన్నెవరూ తిట్టలేదు. గొంతు పెంచినవాడు కూడా లేడు. ప్రతి పాఠం చివర తల్లిదండ్రులకు తెర మీద అయిదు నక్షత్రాలు కనిపిస్తాయి. వాళ్లు వేలితో ఎన్ని నొక్కితే నాకన్ని మార్కులు. చివరి 30 పాఠాల సగటు 4.6కు తగ్గితే మరుసటి వారం స్లాట్లు తగ్గుతాయి. తగ్గించింది ఫలానా మనిషి అని లేదు. ప్రతి పాఠమూ రికార్డవుతుంది. వాటిలో కొన్నింటిని తీసి ఆడిట్ చేస్తారు. ఏది తీస్తారో తెలియదు కనుక అన్నీ తీస్తారనుకునే చెప్పాలి. మొదట్లో కెమెరా నన్ను చూస్తోందన్న స్పృహ ఉండేది. ఆర్నెల్లకు అది పోయింది. పోయిందంటే నేను స్వేచ్ఛ పొందానని కాదు. కెమెరా ఏం చూస్తుందో నేనే చూసుకోవడం మొదలుపెట్టానని. పిల్ల ఆవులించగానే నవ్వు ముఖం పెట్టేవాణ్ణి. బళ్లో నేను చండశాసనుణ్ణి; భార్య చూసి "ఈయనెవరు?" అనేది.

ఈ పనిలో నాకు దొరికిన సంతోషాన్ని దాచిపెడితే అది కూడా అబద్ధమే అవుతుంది. బళ్లో నా తరగతికి 52 మంది. వాళ్లలో ఎవరు 'ఖ'ను 'క'గా పలుకుతున్నారో నాకు వినిపించదు. తెర మీద ఒక్క పిల్ల పెదవులు, నాలుక, అచ్చరం అచ్చరం కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఒక పిల్లకు ఒక గురువుండి చెప్తే ఫలితం తరగతి గది చదువుకంటె ఎన్నో రెట్లు మెరుగని అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రకటించాడు. కంపెనీలన్నీ ఆ మాటను మంత్రంలా వాడుకుంటాయి, కాని అందులో నిజముంది. అక్షరం రాని పిల్ల నాలుగు నెలల్లో వాళ్ల తాత ఉత్తరం చదివింది నా ముందు. ఇరవయ్యేళ్ల నా బడి జీవితంలో ఒక పిల్ల చదవడం నేర్చుకునే క్షణాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పేదపిల్లలకు అందవలసిన ఈ చదువు డాలర్లున్నవాళ్లకు అందింది, దాన్ని అందించినవాడికి నిజమైన ఆనందమూ కలిగింది. వైరుధ్యమంటే ఇదే. ఒక చేత్తో దోచుకునే పని ఇంకో చేత్తో మనిషికి తృప్తి ఇవ్వకపోతే మూడేళ్లు ఎవరు చేస్తారు?

ఒక తల్లి మాటల్లో తెలిసింది, వాళ్లు పాఠానికి 14 డాలర్లు కడుతున్నారని. అప్పటి మారకంలో వెయ్యి రూపాయల పైమాటే. నాకు వచ్చేది 170. మిగతాదంతా కంపెనీ తిన్నదనను. ప్రకటనలున్నాయి, కౌన్సిలర్ల జీతాలున్నాయి, యంత్రాంగముంది. కాని ఒక లెక్క తేలలేదు. ఒత్తులు నేర్పడానికి నేనొక చిన్న కథ అల్లాను, ఒక్కో ఒత్తు ఒక్కో పెంపుడు జంతువై అక్షరం కింద దూరే కథ. పిల్లలు పడి నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి కొత్తగా చేరిన ట్యూటర్లకిచ్చే పాఠాల్లో అది కనిపించింది, బొమ్మలతో సహా, నా పేరు లేకుండా. అడిగితే ఒప్పందంలో వాక్యం చూపించారు: తరగతిలో తయారైనదంతా కంపెనీది. రచయితల హక్కుల గురించి తీర్మానాలు చేసే మనకు ఈ వాక్యం ఎక్కడిదాకా పోతుందో ఆలోచించవలసిన అవసరం ఉంది.

ఇక చెప్పడానికి ఇష్టంలేని సంగతి. ఆ అమ్మాయి కథను అబద్ధమన్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదే.

శిక్షణలో మొదటి వారమే చెప్పారు, 'ప్రామాణిక భాష' వాడాలని. వచ్చిండు, పోయిండు, జెర, గట్ల వంటివి కూడదు. ఎవరిదీ ప్రామాణికం? గిడుగు గ్రాంథికంతో పోరాడి వాడుకభాషకు దారి వేస్తే, ఆ దారిలో కొన్ని జిల్లాల చదువుకున్నవాళ్ల పలుకుబడి ముందుకు నడిచి శిష్టమైంది. మిగిలినవాళ్లది యాసగా మిగిలిపోయింది. ఇది నేను ఈ పత్రికలోనే రాశాను. రాసి, సభల్లో మాట్లాడి, చప్పట్లు కొట్టించుకున్నాను. శిక్షణలో మాత్రం తలూపాను.

న్యూజెర్సీలో ఎనిమిదేళ్ల పాప. వాళ్లది కరీంనగర్ వైపు కుటుంబం. ఆ రోజు పాఠం భూతకాలం. తెర మీద బొమ్మ: తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాప ఠక్కున "తాత వచ్చిండు" అంది. నేను ఎర్రగీత గీసి "వచ్చాడు" అని రాశాను. పాప తెర కేసి చూసి "బాపమ్మ వచ్చిండు అంటది సార్. బాపమ్మది రాంగా?" అని అడిగింది. బాపమ్మ ఆ గదిలోనే, వెనక సోఫాలో కూర్చుని ఉంది. తెల్లజుట్టు, ముతక చీర, భుజాన శాలువా. నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

ఒక్క వాక్యం చాలు. "కాదమ్మా, బాపమ్మది కూడా తెలుగే, సరైన తెలుగే, మా అమ్మ కూడా అట్లాగే అంటుంది" అంటే అయిపోయేది. నా కన్ను తెర మూలనున్న ఎర్రచుక్క మీద పడింది. రికార్డవుతోంది. ఆ వారం నా సగటు 4.6 అంచున ఉంది. "అది ఇంట్లో మాట్లాడే మాటమ్మా, ఇది పుస్తకంలో రాసే మాట" అన్నాను. తప్పని అనలేదు. ఒప్పని కూడా అనలేదు. వెనక నుంచి ఆ ముసలమ్మ అంది: "మాది మోటు తెలుగు సారూ. మీరు చెప్పిందే రాయించుండ్రి."

ఆ పాఠానికి అయిదు నక్షత్రాలు వచ్చాయి. అది ఆడిట్‌లో కూడా పడింది. 'ఉచ్చారణ సవరణ' అన్న గడిలో పూర్తి మార్కులిచ్చారు.

పాఠకులు గమనించాలి, నన్నెవరూ బెదిరించలేదు. ఆ ఒక్క వాక్యం అన్నా బహుశా ఏమీ జరిగేది కాదు. ఆడిట్ చేసే మనిషి కూడా ఏ సిద్ధిపేటవాడో అయివుండవచ్చు, మనసులో మెచ్చుకునేవాడేమో. నిషేధం ఎక్కడా బయట లేదు. 170 రూపాయల్లో ఉంది. ముక్క కూలి మేస్త్రీని తీసేస్తుందన్న మాటకు నేనిచ్చుకోగల వ్యాఖ్యానం ఇది: తీసెయ్యదు, లోపల కూర్చోబెడుతుంది. నా విమర్శ వ్యాసాలు, నా ఉపన్యాసాలు, మా అమ్మ భాష మీద నాకున్న గౌరవం, ఇవన్నీ ఆ గదిలోనే ఉన్నాయి, మేస్త్రీతో పాటు. మాట్లాడింది మాత్రం మేస్త్రీ.

కనుక ఆ అమ్మాయి కథలో మేనేజరును పెట్టడం శిల్పలోపం కాదు, వస్తువును తెలుసుకోకపోవడం. దుష్టపాత్ర ఒకటి దొరికితే కథకుడికి పని సులువవుతుంది. పాఠకుడి కోపానికి ఒక ముఖం దొరుకుతుంది. భూస్వామి కథల్లో అది నిజం కూడా, భూస్వామికి ముఖముంది కనుక. అదే చట్రాన్ని తెచ్చి ఈ శ్రమకు తొడిగితే మనం దోపిడీని చూపించడం లేదు, పాత దోపిడీ బొమ్మను అతికిస్తున్నాం. అట్లాగే ట్యూటరును అమాయకుడైన బాధితుణ్ణి చేయడం కూడా కుదరదు. ఉప్పల్ పిల్లవాడికి లోటు కనిపెట్టినవాణ్ణి నేను. కిస్తీలు కట్టే తండ్రి, లెక్క అందని కౌన్సిలరు, నేను, ముగ్గురం ఒకే తాడుకు వేలాడుతున్నాం, పైగా ఒకరి బరువు ఒకరి మీద వేస్తున్నాం. కథ అక్కడుంది. చెట్టుకింది బడి ముగింపు గురించి ఎక్కువ చెప్పను. ఆ చెట్టుకింద కూర్చునే పిల్లల తల్లిదండ్రులు ఫీజుల బడికి ఎందుకు పంపుతున్నారో రచయిత్రికి నాకంటె బాగా తెలుసు.

కొందరు మిత్రులు ఈ కంపెనీలు కూలిపోతున్నాయి గదా, ఇక ఈ వస్తువుకు ప్రాధాన్యమేమిటని అడుగుతున్నారు. నిజమే, 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టిన బైజూస్ మీద 2024 జులైలో బెంగుళూరు ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. చిన్నవి ఎన్నో మూతపడ్డాయి. కాని పద్ధతి మూతపడలేదు. మా ప్రైవేటు బళ్లోనే ఇప్పుడు తల్లిదండ్రుల యాప్ ఉంది, టీచరుకు నెలనెలా నక్షత్రాలున్నాయి. తరగతి గదిలో కెమెరా ఉంది. అది పిల్లల భద్రత కోసమని చెప్పారు.

ఆ అమ్మాయి కథ రెండో ప్రతి పోయిన నెల పంపింది. మేనేజరు పోయాడు. నక్షత్రాలొచ్చాయి. ట్యూటరు తల్లి పాత్ర కొత్తగా వచ్చింది, ఆమె వాక్యాలు రచయిత్రి సొంత ఊరి పలుకుబడిలో ఉన్నాయి, దిద్దకుండా. ముగింపులో మాత్రం ట్యూటరు రాజీనామా చేస్తాడు. నేను చేయలేదని రాశాను ఆమెకు. 2023 ఏప్రిల్లో వారానికి ఆరు స్లాట్లుండేవి, మేలో మూడయ్యాయి, జూన్ మొదటి వారంలో ఒకటి, తరువాత ఖాళీ పట్టిక. పొమ్మన్నవాళ్లు లేరు. ఇప్పటికీ తెరిస్తే నా పేరు ఉంటుంది, దాని కింద ఈ వారం తరగతులు లేవని ఉంటుంది.

జవాబుగా ఆమె ఒకే ప్రశ్న రాసింది: "తర్వాతెప్పుడైనా ఆ బాపమ్మతో మాట్లాడారా సార్?"

లేదు. ఆ పాప తీసుకున్న పాఠాలు మరో నెలకు అయిపోయాయి. కంపెనీ తెర మీద తప్ప పిల్లల ఇళ్లవాళ్లతో మాట్లాడకూడదని ఒప్పందం. నా దగ్గర వాళ్ల ఫోను నంబరు లేదు.